జంట యంత్రముల కారు: చెడునది యెక్కడ, ఖర్చగునది యెంత?

గోకవరము దాటి రంపచోడవరము చేరి, అచ్చటినుండి మారేడుమిల్లి మీదుగా చింతూరు పోవు కొండదారిలో నేడు పలురకముల వాహనములు తిరుగుచున్నవి. బస్సులు, జీపులు, ఆటోలు మనకు పాతవే. శీతకాలమున అడవులను, జలపాతములను చూడవచ్చు యాత్రికుల కార్లలో కొన్నిటి వెనుక ‘హైబ్రిడ్’ అను మాట కనిపించుట మన్యపు యువకులు గమనించియే యుందురు. ఇట్టి కారు కొని కిరాయికి త్రిప్పవచ్చునా, పాతది చౌకగా వచ్చినచో తీసికొనవచ్చునా, దారిలో ఆగిపోయినచో మన ఊరి షెడ్డులో బాగగునా అను ప్రశ్నలు కలుగుట సహజము.

మైదాన ప్రాంతములో కారు ఆగిపోయినచో అది ఒక అసౌకర్యము మాత్రమే. మన్యములో అట్లు కాదు. రాత్రివేళ గర్భిణిని ఆసుపత్రికి చేర్చు కారు ఘాట్ మధ్య నిలిచిపోయినచో అది ప్రాణముతో ముడిపడిన విషయము. కిరాయి కారే జీవనాధారమైన కుటుంబమునకు వర్కుషాపులో గడచిన ప్రతి దినము కూలి పోయిన దినమే. కావున ఈ కారు గుణదోషములను ముందుగా తెలిసికొనుట అవసరము.

రెండెద్దుల బండి వంటిది

హైబ్రిడ్ కారులో పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు రెండును ఉండును. రెండెద్దులు ఒక కాడిని మోసినట్లు ఇవి రెండును ఒకే బండిని లాగును. వీటిలో రెండు తెగలు కలవు. మొదటి తెగ కార్లను గోడకు తగిలించి చార్జి చేయనక్కరలేదు. బ్రేకు వేయునపుడు, దిగుడులో దిగునపుడు, ఇంజను నడచునపుడు పుట్టు విద్యుత్తునే చిన్న బ్యాటరీలో దాచుకొని వాడుకొనును. 1997లో జపానులో విడుదలయిన టొయోటా ప్రియస్ ఈ తెగకు పేరు తెచ్చినది. మన దేశములో 2022లో వచ్చిన హోండా సిటీ హైబ్రిడ్, మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్ మొదలగునవి ఈ కోవకు చెందినవే.

రెండవ తెగ ప్లగ్-ఇన్ హైబ్రిడ్. దీని బ్యాటరీ పెద్దది. ఇంటి ప్లగ్గునుండి చార్జి చేసినచో సామాన్యముగా 30 నుండి 80 కిలోమీటర్లవరకు పెట్రోలు లేకుండ నడచును; ఆ పిదప ఇంజను అందుకొనును. చైనాలో బి.వై.డి. సంస్థ 2008లోను, అమెరికాలో షెవర్లె సంస్థ 2010లోను ఇట్టి కార్లను విపణికి తెచ్చినవి. చైనాలో 2024 ఒక్క సంవత్సరములోనే 50 లక్షలకు పైగా ఇట్టి వాహనములు అమ్ముడుపోయినవి. మన దేశములో వోల్వో, బి.ఎం.డబ్ల్యు. వంటి సంస్థలు తెచ్చిన కొలది ఖరీదైన కార్లు మాత్రమే ఈ తెగకు చెందినవి. అయినను పాత కార్ల బేరములలోను, పట్టణములలో డ్రైవర్లుగా పనిచేయు మన యువకుల చేతికి వచ్చు యజమానుల కార్లలోను ఇవి తటస్థపడవచ్చును.

లెక్కలు చెప్పు సత్యము

అమెరికాలో వినియోగదారుల పక్షమున వస్తువులను పరీక్షించు ‘కన్స్యూమర్ రిపోర్ట్స్’ అను సంస్థ కార్ల యజమానులను విచారించి ఏటేట ఫలితములను ప్రకటించుచుండును. 2023లో ప్రకటించిన ఫలితముల ప్రకారము ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్లలో సాధారణ పెట్రోలు కార్లకంటె సగటున 146 శాతము అధికముగా లోపములు కనబడినవి. మరుసటి సంవత్సరమున ఈ ఆధిక్యము 70 శాతమునకు తగ్గినది. ఆశ్చర్యమేమన, ప్లగ్గు లేని హైబ్రిడ్ కార్లలో 2023లో లోపములు పెట్రోలు కార్లకంటె 26 శాతము తక్కువగా నుండెను.

రెండు తెగలలోను రెండు యంత్రములే యుండగా ఇంత భేదమేల? ప్లగ్గు లేని హైబ్రిడ్ పాతికేండ్లకు పైగా వాడుకలో నలిగి, లోపములు సవరింపబడినది. ప్లగ్-ఇన్ కారులో పెద్ద బ్యాటరీ, గోడ విద్యుత్తును బ్యాటరీకి తగినట్లు మార్చు చార్జరు, చార్జింగు కేబులు, బ్యాటరీని చల్లబరచు గొట్టములు, ఇన్నిటిని నడుపు కంప్యూటరు అదనముగా చేరినవి. భాగములు పెరిగినకొలది చెడుటకు చోట్లు పెరుగును.

సాధారణముగా వచ్చు చిక్కులు

మొదటిది చిన్న బ్యాటరీ. పెద్ద బ్యాటరీ కాక, సాధారణ కార్లలో వలెనే 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడ ఈ కార్లలో ఉండును. కంప్యూటరును మేల్కొలుపునది ఇదియే. పెద్ద బ్యాటరీ నిండుగా నున్నను చిన్నది చచ్చినచో కారు కదలదు. యజమాని కారంతయు చెడినదని భయపడును. వారములతరబడి కారును కదల్పక ఉంచినప్పుడు ఈ చిక్కు వచ్చును. క్రొత్త బ్యాటరీ ఖర్చు కొలది వేల రూపాయలలో తీరును. మూడు నాలుగేండ్లు గడచిన పిదప దీనిని పరీక్ష చేయించుచుండుట మేలు.

రెండవది చార్జింగు. కారు ప్లగ్గు గంటలతరబడి 10 నుండి 15 ఆంపియరుల విద్యుత్తును ఎడతెగక లాగును. దీపమునకు, ఫ్యానుకు వేసిన సన్నని తీగకు ఇది తగిన బరువు కాదు. సాకెట్టు వదులుగా నున్నను, పొడిగింపు తీగ వాడినను వేడెక్కి కరగును; ఇల్లంటుకొను ప్రమాదము కూడ కలదు. ఎర్తింగు లేనిచో చార్జరు పనిచేయ నిరాకరించును. వోల్టేజి హెచ్చుతగ్గులు చార్జరు ఆయువును తగ్గించును. చార్జింగునకు ప్రత్యేకముగా మందపాటి రాగితీగ, 16 ఆంపియరుల సాకెట్టు, సరియైన ఎర్తు గుంట, తగిన ఎం.సి.బి. స్విచ్చి అమర్చుకొనవలెను. దీనికగు ఖర్చు క్రొత్త చార్జరు ఖరీదుతో పోల్చిన స్వల్పము.

మూడవది వేడి. బ్యాటరీకి మనుష్యునివలె మితమైన చల్లదనము హితము. కొన్ని కార్లలో వెనుక సీటు క్రిందగల జాలీగుండ గాలి లోనికి పోయి బ్యాటరీని చల్లబరచును. ఆ జాలీలో దుమ్ము, దూది, పశువుల వెండ్రుకలు పేరుకొన్నచో బ్యాటరీ వేడెక్కి ముందుగా క్షీణించును. జాలీని శుభ్రపరచుటకగు వ్యయము నామమాత్రము. అశ్రద్ధ చేసినచో బ్యాటరీకే చేటు. గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొనుట యనగా నిదియే. మరికొన్ని కార్లలో ప్రత్యేక ద్రవము గొట్టములద్వారా ప్రవహించును. అందు బావినీరో, వేరొక రకపు కూలెంటో పోయరాదు.

నాల్గవది పనిలేని ఇంజను. దినమునకు ముప్పది, నలుబది కిలోమీటర్లు మాత్రమే తిరుగువాడు ఇంజను నడపకయే వారములు గడపవచ్చును. అంతట ట్యాంకులో పెట్రోలు నిలువయై చెడును. ఇథనాల్ కలసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకొనును గనుక వానకాలపు మన్యములో ఈ భయ మెక్కువ. ఇంజను వేడెక్కకముందే ఆగుచుండినచో ఇంజను నూనెలోను తేమ చేరును. కావున అప్పుడప్పుడు ఇంజనుపై కొంత దూరము నడపవలెను. ఎన్ని కిలోమీటర్లు తిరిగినను నూనెను నియమిత కాలమునకు మార్పించవలెను.

ఐదవది ఎలుకలు. చెట్లక్రింద, ధాన్యపు కొట్టముల ప్రక్కన నిలిపిన కార్లలో ఎలుకలు చేరి తీగలు కొరుకుట మనమెరిగినదే. సాధారణ కారులో మెకానిక్ ఆ తీగను అతికి పంపును. ఈ కారులో నారింజరంగు తొడుగుగల తీగలు కొరకబడినచో అతుకుట పనికిరాదు. తీగల కట్టను మొత్తముగా మార్చవలసి రావచ్చును. రాత్రి కారు నిలుపు చోటును శుభ్రముగా నుంచుకొనుటే దీనికి చౌకయైన మందు.

పెద్ద బ్యాటరీ, పెద్ద ఖర్చు

అన్నిటికంటె ఖరీదైన భాగము పెద్ద బ్యాటరీ. బ్లూమ్‌బర్గ్ సంస్థవారి లెక్క ప్రకారము 2024లో ప్రపంచ సగటున ఒక యూనిట్ విద్యుత్తును నిలువచేయు లిథియం బ్యాటరీ ఖరీదు 115 డాలర్లు, అనగా సుమారు పదివేల రూపాయలు. పది యూనిట్ల బ్యాటరీకి లక్ష రూపాయలన్నమాట. కాని ఇది కంపెనీలు టోకున కొను ధర. విడిగా ఒక బ్యాటరీ తెప్పించి, సుంకము చెల్లించి, వర్కుషాపులో అమర్చుకొనునప్పటికి ఖర్చు దీనికి పలురెట్లు కావచ్చును. కొన్నిచోట్ల చెడిన ఒక్క అరను మాత్రమే మార్చుదురు. ఆ సదుపాయము కలదేమో ముందుగా విచారింపవలెను.

అరుదైనదైనను చెప్పకతప్పనిది అగ్నిభయము. 2020లో ఫోర్డు సంస్థ యూరపులో కూగా ప్లగ్-ఇన్ కార్లను సుమారు 20,500 తిరిగి పిలిపించి, బాగుచేయువరకు చార్జి చేయవలదని కోరెను. 2022లో అమెరికాలో 2017, 2018 సంవత్సరములనాటి క్రైస్లర్ పసిఫికా హైబ్రిడ్ కార్లు 16,741 తిరిగి పిలువబడినవి. అప్పటికి పండ్రెండు కార్లు అంటుకొని యుండెను. అవియన్నియు ఆపి నిలిపియుంచినవే. ఇట్టి పిలుపు వచ్చినప్పుడు దోషమును కంపెనీ ఉచితముగా సరిచేయవలెను. మన దేశములోను 2019 నాటి మోటారు వాహనముల సవరణ చట్టము ననుసరించి, దోషమున్న వాహనములను వెనుకకు పిలిపించు నిబంధనలు 2021 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చినవి. పాత కారు కొనువారు దానికి అట్టి పిలుపు వచ్చినదా, పని జరిగినదా అని ఛాసిస్ నంబరు చూపి అడుగవలెను.

ఘాట్ దిగునపుడు

ఈ కారు దిగుడుదారిలో బండి వేగమును విద్యుత్తుగా మార్చి బ్యాటరీలో దాచును. దానివలన వేగమును తగ్గును, బ్రేకుల అరుగుదలయు తగ్గును. కాని బ్యాటరీ నిండుగా నున్నచో దాచుటకు చోటుండదు. అప్పుడు భారమంతయు మామూలు బ్రేకులపైనను, ఇంజనుపైనను పడును. మారేడుమిల్లిలో రాత్రి నిండుగా చార్జి చేసి తెల్లవారి ఘాట్ దిగువాడు ఈ మర్మము తెలిసికొనవలెను. కొంత చోటు విడిచి చార్జి చేయుట మంచిది. దిగుడులో ‘బి’ అని గుర్తించిన స్థానమునో, తక్కువ గేరునో వాడవలెను. బ్రేకుల కాలిన వాసన వచ్చినచో వెంటనే సురక్షితమైన చోట నిలిపి చల్లారనీయవలెను.

2019 అక్టోబరు 15న మారేడుమిల్లి–చింతూరు ఘాట్‌లో యాత్రికుల వాహనమొకటి లోయలో పడి ప్రాణనష్టము జరిగినది. అది హైబ్రిడ్ వాహనము కాదు. అయినను ఈ దారి ఏ వాహనమునందలి అజాగ్రత్తనైనను క్షమింపదని ఆ దుర్ఘటన తెలుపుచున్నది. మామూలు బ్రేకులు తక్కువగా వాడబడుటచే వానకాలమున తుప్పుపట్టి బిగిసిపోవుట కూడ కలదు. కావున అరుగలేదని ఊరకుండక, వానలు ముగియగనే బ్రేకులను విప్పించి శుభ్రపరపించవలెను.

పాములేరు వంటి వాగులు పొంగినపుడు ఈ కారును నీటిలో దింపరాదు. ఇంజనులోనికి నీరు పోయినచో కలుగు నష్టము సాధారణ బీమా పాలసీలో సామాన్యముగా చేరదు. దానికి వేరుగా ప్రీమియము చెల్లింపవలెను. బ్యాటరీకి కూడ అట్టి రక్షణ కలదో లేదో పాలసీ చదివించుకొని తెలిసికొనవలెను.

ఊరి షెడ్డులో చేయదగినవి, చేయరానివి

టైర్లు, బ్రేకు పట్టీలు, ఇంజను నూనె, ఫిల్టర్లు, దీపములు, 12 వోల్టుల బ్యాటరీ, ఇవి అనుభవముగల మెకానిక్ ఎవరైనను చూడదగినవి. నారింజరంగు తీగ, దానికి తగిలియున్న పెట్టె, ఏదియు తాకరాదు. అందు వందల వోల్టుల విద్యుత్తుండును. తాళము తీసినను కొన్ని నిమిషములవరకు లోపల విద్యుత్తు నిలిచియుండును. తగిన శిక్షణ, వెయ్యి వోల్టులకు తట్టుకొను రబ్బరు చేతితొడుగులు లేనివాడు దానిజోలికి పోవుట ప్రాణాపాయము.

కారు ఆగిపోయినపుడు త్రాడు కట్టి లాగుట కూడ సామాన్యముగా పనికిరాదు. చక్రములు తిరిగినచో మోటారు తిరిగి విద్యుత్తు పుట్టును. దానివలన లోపలి పరికరములు చెడవచ్చును. బల్లపరుపు లారీపై ఎక్కించియే తరలింపవలెను. మారేడుమిల్లినుండి రాజమహేంద్రవరమునకు 80 కిలోమీటర్లకు పైగా దూరము. ప్లగ్గు లేని హైబ్రిడ్‌కు రాజమహేంద్రవరము, కాకినాడలలో పని జరుగవచ్చును. విదేశపు ప్లగ్-ఇన్ కారుకు విశాఖపట్నమో, హైదరాబాదో పోవలసి రావచ్చును. కావున బీమాలో దారిసహాయము చేర్చుకొని, అది ఏజెన్సీ ప్రాంతమునకు వర్తించునో లేదో వ్రాతమూలకముగా తెలిసికొనుట వివేకము.

ఇందులో మన యువకులకు అవకాశము కూడ కలదు. పారిశ్రామిక శిక్షణ సంస్థలలో విద్యుత్ వాహనముల మెకానిక్ అను శిక్షణాంశము చేరినది. దానిని నేర్చిన మన్యపు యువకుడొకడు రంపచోడవరములో షెడ్డు పెట్టినచో, విద్యుత్ ఆటోలకును, స్కూటర్లకును, కార్లకును కూడ దూరభారము తగ్గును.

లాభనష్టముల లెక్క

ఉదాహరణకు పది యూనిట్ల బ్యాటరీతో 50 కిలోమీటర్లు నడచు కారు అనుకొందము. నష్టముతో కలిపి చార్జింగునకు 11 లేదా 12 యూనిట్లు పట్టును. యూనిట్ 6 రూపాయలైనచో సుమారు 70 రూపాయలు. అదే దూరమునకు లీటరుకు 15 కిలోమీటర్లిచ్చు పెట్రోలు కారుకు, లీటరు 110 రూపాయలైనచో, దాదాపు 370 రూపాయలు. దినమునకు 300 రూపాయల ఆదా. నెలకు 25 దినములు తిరిగినచో ఏడాదికి 90,000 రూపాయలు. ఇది తీసివేయదగిన మొత్తము కాదు. కాని వారంటీ ముగిసినపిదప మూడు లక్షల రూపాయల మరమ్మతు ఒక్కటి వచ్చినచో మూడేండ్ల నాలుగు నెలల ఆదా దానికే సరిపోవును. కారు కొన్న వెల ఈ లెక్కలో చేరనే లేదు.

చార్జి చేయనిచో ఆ ఆదాయు ఉండదు. బరువైన బ్యాటరీని మోసికొని పెట్రోలుపైననే కారు నడచును. యూరోపియన్ కమిషన్ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము, రోడ్డుపై నడచు ప్లగ్-ఇన్ కార్లు వెలువరించు బొగ్గుపులుసు వాయువు ప్రయోగశాల లెక్కకు సగటున మూడున్నర రెట్లుండెను. యజమానులు తగినంతగా చార్జి చేయకపోవుట దీనికి ముఖ్యకారణములలో ఒకటి. కరెంటు తరచుగా పోవు గ్రామములవారు దీనిని విశేషముగా గమనింపవలెను.

బేరమునకు ముందు

పాత కారు కొనువారు ఈ క్రింది విషయములను మరువరాదు. కంపెనీ వర్కుషాపులో పెద్ద బ్యాటరీ ఆరోగ్యమును పరీక్షింపజేసి కాగితము తీసికొనవలెను. ఒక రాత్రి నిండుగా చార్జి చేసి, పెట్రోలు లేకుండ ఎంత దూరము నడచునో స్వయముగా చూడవలెను. వారంటీ ఎంతకాలము మిగిలినదో, క్రొత్త యజమానికి బదిలీయగునో కనుగొనవలెను. మన దేశములో అమ్మబడిన టొయోటా, మారుతి హైబ్రిడ్ కార్ల పెద్ద బ్యాటరీకి 8 సంవత్సరములు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైన అంతవరకు, వారంటీ ఇచ్చుచున్నారు. బయటి షెడ్డులో తీగలు కోసి అదనపు దీపములు, హారనులు తగిలించినచో వారంటీకి భంగము కలుగవచ్చును.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేలకొలది వాహనములు నీట మునిగినవి. నీట మునిగిన కారు పైకి మెరయుచు చౌకగా రావచ్చును. సీట్ల క్రింద బురద, బోల్టులపై తుప్పు, తివాచీ వాసన పరిశీలించి, బీమా క్లెయిముల చరిత్ర అడుగవలెను. బేరములోగాని, మరమ్మతులోగాని అన్యాయము జరిగినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 నంబరుపై ఫోను చేయవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషనులో 5 లక్షల రూపాయలలోపు వ్యవహారమునకు ఫీజు లేదు. రసీదులను భద్రపరచుకొనుట మాత్రము తప్పనిసరి.

జంట యంత్రముల కారు మంచిదా, చెడ్డదా అను ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానము లేదు. ఇంటివద్ద సరియైన కరెంటు, చేతిలో మిగిలిన వారంటీ, అందుబాటులో శిక్షణపొందిన మెకానిక్, ఈ మూడును ఉన్నవానికి ఇది పెట్రోలు మిగుల్చు నేస్తము. ఇందు ఏ ఒక్కటి లేకున్నను, మన్యపు దారిలో జీవనము సాగించువాడు ప్లగ్గు లేని హైబ్రిడ్‌తోనో, ఊరి షెడ్డు ఎరిగిన సాధారణ వాహనముతోనో తృప్తిపడుట క్షేమకరము. కారు ఎంత దూరము నడచునని అడుగుటకు ముందు, ఆగినచో బాగుచేయువాడు ఎంత దూరమున నున్నాడని అడుగుడు.